రోమనుల ఖడ్గము, మన ఉక్కు

ఒక జాతి గొప్పతనమును కొలుచుటకు లోకమున రెండు తప్పుడు కొలబద్దలు వాడుకలోనున్నవి. సమస్త విద్యలును మా యింటనే పుట్టినవనుట మొదటిది. మాకు తెలిసినదంతయు పరాయివారు పెట్టిన భిక్షయే యనుట రెండవది. మొదటిది గర్వము; రెండవది దైన్యము. చూచుటకు విరుద్ధములుగా కనబడినను ఈ రెండింటికిని మూలమొకటే. విద్య చేతులు మారుచుండుననియు, మారినప్పుడెల్ల క్రొత్తరూపు దాల్చుచుండుననియు ఎఱుగకపోవుటయే యా మూలము. ఈ సత్యమును బోధించుటకు ఆయుధములకంటె మంచి గురువులు లేరని నా యభిప్రాయము. ఏలయన, ఏ జాతియైనను పంతమునకై పాతపాటను పాడుకొనుచు కూర్చుండవచ్చును గాని, పంతమునకై పనికిరాని కత్తి పట్టుకొని యుద్ధమునకు పోజాలదు.

నిజామాబాదు తిలక్ తోటలోని పురావస్తు ప్రదర్శనశాలలో రాతియుగపు పనిముట్లు మొదలుకొని బిదరీ పాత్రలు, పాతకాలపు ఆయుధములు వఱకు పెక్కు వస్తువులు చేర్చియుంచిరి. నేను ఉపాధ్యాయుడనై యున్నకాలమున విద్యార్థులను పలుమార్లు అచటికి తోడ్కొనిపోయితిని. కత్తుల యెదుట నిలిచినప్పుడు పిల్లలడుగు ప్రశ్న యొక్కటే: "ఇది ఏ రాజుది సార్?" వారి వెంట వచ్చిన పెద్దలడుగు ప్రశ్నయు నదియే. దీనిని ఎవరు చేసిరి, చేయు విధానము వారికెట్లు తెలిసెను అని యడిగినవారు నాకు తారసపడలేదు. రాజును గూర్చి యడుగుట తప్పు కాదు. కాని యంతటితో నిలిచిపోయినచో చరిత్రలో సగము మనకు కనబడకయే పోవును.

ఆ రెండవ సగమును వెదకుటలో ఐరోపా పురావస్తు శోధకులు రోమను సైన్యపు పరికరములపై చేసిన కృషి మనకు ఆదర్శప్రాయము. రోమనులు ప్రపంచమును జయించిరని పాఠశాలలో మనమందఱమును చదివినవారమే. ఏ ఆయుధములతో జయించిరి, అవి ఎవరివి అని విచారించినచో వింత సంగతులు బయటపడును. రోమను కాలిబంటు చేతనున్న పొట్టికత్తి స్పెయినుదేశపు జాతులనుండి గ్రహించినది. రోమనులే దానిని హిస్పానియా కత్తి యని పిలిచిరి. ఇనుప కడియములను ఒకదానిలో నొకటి కూర్చి యల్లిన కవచము కెల్టుజాతివారి విద్య. శిరస్త్రాణపు పెక్కు రూపములును, అశ్వికుల పొడవుకత్తియు ఆ కెల్టులనుండి వచ్చినవే. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దిలో రోమను సైన్యమును దగ్గఱనుండి చూచిన పోలిబియసు అను గ్రీకు చరిత్రకారుడు, ఇతరులలో మేలైనదానిని చూచినంతనే స్వీకరించు గుణము రోమనులకున్నంతగా మఱెవ్వరికిని లేదని మెచ్చుకొనెను. తమచే నోడిన జాతుల చేతినుండి కూడ నేర్చుకొనుటకు వారు సిగ్గుపడలేదు.

ఈ నేర్చుకొనుట సామ్రాజ్యము బలిసిన పిమ్మటను ఆగలేదు. ట్రాజను చక్రవర్తి కాలమున, 101 నుండి 106 వఱకు జరిగిన డేషియా యుద్ధములలో శత్రువుల కొడవలివంటి వంకరకత్తి రోమనుల శిరస్త్రాణములను చీల్చివేయుచుండగా, వారు శిరస్త్రాణముపై అడ్డముగను నిలువుగను ఇనుపపట్టీలు బిగించుకొనిరి. యూఫ్రటీసు నదీతీరమున దూరా-యూరోపసు అను రోమను కోటను 256 ప్రాంతమున పారసీక ససానీయులు ముట్టడించిరి. గోడను కూల్చుటకు వారొక సొరంగమును, వారిని అడ్డుటకు వీరొక సొరంగమును త్రవ్విరి. 1928 నుండి 1937 వఱకు జరిగిన త్రవ్వకములలో ఆ సొరంగములందు మృతులైన సైనికుల యస్థులతోపాటు ఒక పారసీక శిరస్త్రాణమును దొరకెను. రెండు చెక్కలను నడుమ నొక వెన్నుపట్టీతో కూర్చి చేసిన శిరస్త్రాణమది. తరువాతి శతాబ్దిలో రోమను సైనికులు ధరించిన శిరస్త్రాణములు సరిగా ఆ పోలికలోనివే. శత్రువు తలపైనున్నది మఱునాటికి తమ తలపైకి వచ్చినదన్నమాట.

ఇక రోమనులనుండి ఇరుగుపొరుగు జాతులు గ్రహించినదానిని చూతము. సరిహద్దు కావల నున్నవారికి ఆయుధములు చేరకుండ రోమను ప్రభుత్వము కఠిన శాసనములు చేసెను. ఇనుము మాత్రమే గాక, ఇనుమునకు పదును పెట్టు సానరాతిని సైతము శత్రువులకు అమ్మినవారికి ప్రాణాపాయము తప్పదని వారి ధర్మశాస్త్ర సంగ్రహమున నున్నది. సానరాతికే మరణదండన యన్నచో, ఆ పాలకుల భయమెంతటిదో యూహింపవచ్చును. అయినను శాసనము విద్యను ఆపలేకపోయినది. జర్మను జాతివారు రోమను సైన్యముననే కొలువు చేసి, జీతముతోపాటు యుద్ధవిద్యను ఇంటికి తీసికొనిపోయిరి. అట్టివారిలో నొకడైన ఆర్మీనియసు రోమను పౌరసత్వమును పొందియు, క్రీస్తుశకము 9వ సంవత్సరమున ట్యూటోబర్గు అడవిలో మూడు రోమను పటాలములను రూపుమాపెను. గురువునకు తెలిసిన యెత్తులన్నియు శిష్యునకును తెలిసియుండెను గదా.

డెన్మార్కు దేశమున ఇల్లెరుపు అను లోయలోని బురదనేలలో మఱియొక సాక్ష్యము వెలువడినది. క్రీస్తుశకము 200 ప్రాంతమున అచట యుద్ధమున గెలిచినవారు ఓడినవారి యాయుధములను వంచి, విఱిచి, దేవతలకు కానుకగా సరస్సులో పడవేసిరి. ఆ సరస్సు కాలక్రమమున బురదనేలగా మాఱి వానిని కాపాడెను. త్రవ్వి చూడగా పదునైదువేలకు పైగా వస్తువులు వెలికి వచ్చినవి. ఓడినవారు గాని గెలిచినవారు గాని రోమనులు కారు. అది రోమను సరిహద్దునకు ఎంతో ఉత్తరమున నున్న దేశము. అయినను ఆ కత్తులలో నూటికి పైగా రోమను కార్ఖానాలలో చేసినవి. కొన్నిటిపై రోమను ముద్రలు సైతము కలవు. బల్లెములు, డాళ్ళు మాత్రము ఉత్తరదేశీయుల స్వహస్తనిర్మితములు. కొన్నిటిపై వారి సొంత లిపియైన రూనులలో పేర్లు చెక్కియున్నవి. కత్తివాదర యొకరిది, దానిని పట్టిన యోధుని పోరు తీరు మఱియొకరిది. అన్యులనుండి గ్రహించుట యనగా కన్నులు మూసికొని యనుకరించుట గాదనియు, తనకు కావలసినదానిని ఏరుకొని తన పద్ధతికి లొంగదీసికొనుట యనియు ఈ విఱిగిన కత్తులు చెప్పుచున్నవి.

ఇంతదూరపు కథ మన కెందుకని చదువరులు అడుగవచ్చును. రోమనుల జాడ మన తెలుగునేలపైనను కలదు. మెదకు సీమలోని కొండాపురమున 1940–41లో నాటి హైదరాబాదు రాజ్య పురావస్తుశాఖవారు త్రవ్వించగా శాతవాహనుల నాణెములతోపాటు అగస్టసు చక్రవర్తి బంగారు నాణెమును, రోమను నాణెములను చూచి చేసిన మట్టిబిళ్ళలును దొరకినవి. నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో పదునైదువందలకు పైగా రోమను వెండినాణెములు ఒక్కచోటనే లభించినవి. కరీంనగరము వైపున పెద్దబంకూరులోను రోమను వెండినాణెములు కనబడినవి. దీనారమను మాట రోమనుల దెనారియసు నుండియే మన దేశమునకు వచ్చి, నాగార్జునకొండ శాసనములలో సైతము చోటు సంపాదించినది.

ఈ త్రవ్వకములలో రోమను నాణెము దొరకినదేగాని రోమను సైనికుని కత్తి దొరకలేదు. అందుకు కారణము స్పష్టము. జర్మనులకు రోమను పటాలము పొరుగున నున్నది. మనకు సముద్రముదాటి వచ్చిన వర్తకుడే రోమనుడు. అతడు బంగారమును, వెండిని, ద్రాక్షసారాయమును తెచ్చెను, కత్తిని తేలేదు. ఇల్లెరుపు యోధుడు రోమను కత్తిని తన పద్ధతికి మలచుకొన్నట్లే, కొండాపురపు శిల్పియు రోమను నాణెపు రూపును మట్టిలో పోతపోసెను. వచ్చిన వస్తువు వేఱు. చేసిన పని యొక్కటే.

పరదేశపు యోధవేషము మాత్రము శిల్పమున మనకు మిగిలినది. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో, అనగా నాగార్జునకొండలో, ఒక రాతికంబముపై గడ్డముగల యోధుడొకడు చెక్కబడియున్నాడు. తలపై శిరస్త్రాణము, ఒంటిపై పొడవుచేతుల మందపు టంగీ, కాళ్ళకు షరాయి, చేత బల్లెము. మన వాతావరణమునకు గాని, పంచె కట్టు మన వాడుకకు గాని పొసగని వేషమది. అతడు శకయోధుడని పండితులు నిర్ణయించిరి. ఉజ్జయిని రాజపుత్రిక ఇక్ష్వాకుల కోడలైనదని శాసనములు చెప్పుచున్నవి. ఆ సంబంధములతోపాటు ఆ దేశపు భటులును, వారి వేషమును మన రాజధానికి చేరుట సహజమే. అదే విజయపురిలో నలువైపుల మెట్లవరుసలతో కట్టిన యొక క్రీడారంగము బయల్పడగా, రోమనుల రంగస్థలములతో దానిని పోల్చినవారు కలరు. నాగార్జునసాగరపు నీటిలో ఆ లోయ మునుగకముందే ఈ శిల్పములను పైకి చేర్చి ద్వీపముపై భద్రపఱచుట మన భాగ్యము.

ఇంతవఱకు మనకు వచ్చినది చెప్పితిని. మననుండి పోయినదేమి? క్రీస్తుశకము 1వ శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎఱ్ఱసముద్ర యాత్రాగ్రంథమున, భారతదేశపు ఇనుమును ఉక్కును పడమటి తీరమునుండి ఆఫ్రికా రేవులకు చేరుచుండెనని యున్నది. రోమను ధర్మశాస్త్ర సంగ్రహమున సుంకము విధింపవలసిన తూర్పుదేశపు సరకుల పట్టిక యొకటి కలదు. అందు మిరియములు, పట్టువస్త్రములు మొదలైనవానితోపాటు భారతీయ లోహమును చేరియున్నది. తన ఇనుమును సరిహద్దు దాటనీయని ప్రభుత్వము మన ఇనుమును సుంకము కట్టించుకొని లోనికి రానిచ్చినదని తెలియుచున్నది. చెఱకు పండించు మన బోధనువారికి నచ్చు మఱియొక మాట కలదు. రోమను పండితుడైన ప్లీనీ చక్కెరను గూర్చి వ్రాయుచు, రెల్లువంటి మొక్కలనుండి కూడగట్టు తేనె యది యనియు, మందుగా మాత్రమే పనికివచ్చుననియు చెప్పెను. అశ్మకజనపదమునకు రాజధానియైన పోదననగరము నేటి బోధనే యని పెక్కుమంది చరిత్రకారుల మతము. చక్కెరనగరము వెలసిన నేల అంతటి ప్రాచీనమైనది.

ఉక్కును గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు మన జిల్లాలోని కోనసముద్రమును తలపకుండుట యసాధ్యము. కమ్మరపల్లికి చేరువనున్న చిన్న ఊరది. మండలపు పేరులోనే కమ్మరి యున్నాడు. 17వ శతాబ్దిలో మన దేశమున తిరిగిన టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు, అలలవంటి గీతలు తేలు కత్తులకు తగిన ఉక్కు గోలకొండ రాజ్యమునుండియే పారసీకమునకు పోవుచుండెనని వ్రాసెను. 19వ శతాబ్ది తొలినాళ్ళలో వాయిసీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కోనసముద్రమునకు వచ్చి కొలుములను చూచి, ఆ విధానమును వర్ణించెను. అతని వ్రాత 1832లో బెంగాలు ఏషియాటిక్ సంఘపు పత్రికలో అచ్చయినది. ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, వేఱువేఱు తావుల ఇనుమును తగుపాళ్ళలో అందుంచి, మూతవేసి, గంటల తరబడి తిత్తులతో ఊది, పిదప మెల్లగా చల్లార్చెడివారు. మూస పగులగొట్టగా లోపల ఉక్కుబిళ్ళ యుండును. దానిని కొనుటకు పారసీక వర్తకులు ఇస్పహాను నుండి ఆ పల్లెకు వచ్చి నిలిచెడివారు. ఈ దక్షిణదేశపు ఉక్కు రహస్యమును తెలిసికొనుటకే లండనులో మైకేల్ ఫారడే 1819 ప్రాంతమున పరీక్షలు సాగించెను. ఆంగ్లేయులు దానిని వూట్జు అనిరి. అది మన ఉక్కు అను మాటకే వచ్చిన వికారము.

ఇచట గర్వము మనలను పట్టి లాగును. రోమను చక్రవర్తుల కత్తులు మన కోనసముద్రపు ఉక్కుతో చేసినవే యని చెప్పుకొనిన చెవికింపుగా నుండును. అట్లు సభలలో చెప్పువారిని నేను విన్నాను. అది నిజము కాదు. ఇల్లెరుపులో దొరకిన రోమను కత్తులు వారి రాష్ట్రములలోనే ఇనుపకడ్డీలను మెలిపెట్టి అతికి చేసినవి. కోనసముద్రమును గూర్చిన సాక్ష్యములు రోమనులు గతించిన వెయ్యేండ్లకు పిమ్మటివి. ఆ రెండింటిని ఒక్క త్రాటితో కట్టువాడు మన ఊరికి మేలు చేయుట లేదు. నిజముగానున్న కీర్తిని కూడ పదిమంది శంకించునట్లు చేయుచున్నాడు. పారసీకుడు వెదకుకొనుచు వచ్చిన ఉక్కు, ఫారడేకు సమస్యయైన ఉక్కు, అని యున్నది యున్నట్లు చెప్పిన చాలదా?

అయితే నన్ను బాధించు విషయము వేఱొకటి కలదు. ఆ ఉక్కును చేసినవాని మాటగా మన గ్రంథములలో నొక్క పంక్తియైనను లేదు. మనకు తెలిసినదంతయు ఫ్రెంచివాడు, ఆంగ్లేయుడు వ్రాసిపెట్టగా తెలిసినది. ఇల్లెరుపు కత్తిపై రోమను పనివాని ముద్ర యున్నది. పదునెనిమిదివందల యేండ్ల పిమ్మట దానిని నేడు మనము చదువుచున్నాము. కోనసముద్రపు కమ్మరి పేరు రెండువందల యేండ్లకే మాసిపోయినది. అతని యూరిలో చదువులేక కాదు. చదివినవాడు కొలిమికడకు పోయి కూర్చుండుట తక్కువతనమనుకొనెను. కొలిమికడ నున్నవానిని బడిలో కూర్చుండనీయలేదు. మసి యంటిన చేతిని అంటరాదనుకొన్న సంఘము ఆ చేతిలోని విద్యను తానే పోగొట్టుకొన్నది. సీమనుండి చౌక ఉక్కు వచ్చి మన కొలుములను ఆర్పినదనుట సత్యమే. కాని ఆరిన కొలిమిని వ్రాతలోనైన నిలుపుకొనకపోవుట మన వర్ణగర్వమువలన కలిగిన నష్టము. దానిని పరులపై వేయుట న్యాయము కాదు.

ఈ తప్పు పాతకాలముతో ముగిసినదనుకొనరాదు. మా మేనమామ బోధను చక్కెర కార్ఖానాలో పాకము కాచు విభాగమున చిరకాలము పనిచేసెను. 1937లో నెలకొల్పబడిన ఆ కార్ఖానాకు యంత్రములు విదేశములనుండి వచ్చినవి. నిజాంసాగరపు కాలువనీటితో చెఱకు పండినది. పరాయి యంత్రముకడ మన పల్లెల రైతుబిడ్డలు నిలిచి, దాని మర్మము నేర్చి, తమదిగా చేసికొనిరి. ఉడుకుచున్న పాకమును గాజుపలకపై వేసికొని, వ్రేళ్ళ నడుమ రాచి, పలుకు కట్టినదో లేదో మా మామ చెప్పెడివాడు. అదెట్లు తెలియునని నేనొకనాడు అడుగగా నవ్వి, "చేతికి ఎరుకైతది అల్లుడా, నోటికి రాదు" అనెను. కోనసముద్రపు కమ్మరిని అడిగియున్న నతడును అదే మాట యనియుండునేమో. 2015లో ఆ కార్ఖానా మూతపడినది. జీతములు పోయినవని పత్రికలు వ్రాసినవి, వ్రాయవలసినదే. ఆ వ్రేళ్ళ కొనలలోని ఎఱుకయు వారితోపాటు ఇండ్లకు పోయినదని వ్రాసినవారిని నేను చూడలేదు. మా మామ కాలధర్మము నొందెను. ఆయన తోటివారు శక్కర్‌నగరు చుట్టుపట్ల నేటికిని కొందఱు కలరు.

నేలలోని సాక్ష్యముల గతియు నిట్లే యున్నది. మా ఊరికి దాపుననొక రైతు చెఱకుతోటకు బావి త్రవ్వించుచుండగా ఒక కుండెడు చిన్న బిళ్ళలు బయటపడినవి. బంగారము కాదని కంసాలి చెప్పుటతో అవి సీసపువని తేలి, చేపలవలకు గుండ్లుగా కరగిపోయినవి. శాతవాహనులు సీసముతోను నాణెములు వేయించిరని ఆ రైతునకు చెప్పినవారెవ్వరు? పదిరూపాయలకు మించిన వెలగల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878లోనే చట్టము చేసిరి. చట్టమున్నది, బడిలో ఆ మాట చెప్పిన గురువు లేడు. ఇక గుప్తనిధులకై అమావాస్యనాడు పాతగుళ్ళను పెల్లగించువారి సంగతి చెప్పనక్కఱలేదు. వారికి దొరకవలసిన బంగారము దొరకదు. మనకు దక్కవలసిన చరిత్ర దక్కదు. ఇల్లెరుపు బురదలోని విఱిగిన కత్తులను ఏరి, తుడిచి, ఏ వస్తువు దేనిప్రక్కన నున్నదో వ్రాసికొన్నందుననే ఒక మఱచిపోయిన యుద్ధపు కథ తెలిసివచ్చినది. అదే కత్తిని ఒకడు పెఱికి అంగడిలో అమ్మియున్నచో తుప్పుపట్టిన ఇనుము తప్ప మిగులునదేమున్నది?

కావున మన జిల్లా ఉపాధ్యాయులకును, చదువుకొన్న యువకులకును నేను చేయు మనవి చిన్నది. కోనసముద్రము వంటి తావులలో ఇనుపచిట్టెము, పగిలిన మూసముక్కలు కనబడినచో వానిని చదును చేయకముందే ఫోటోలు తీసి, స్థలము వ్రాసి, పురావస్తుశాఖవారికి తెలుపుడు. పొలములో పాతబిళ్ళ దొరకెనని రైతు చెప్పినచో కంసాలికంటె ముందు మీరు పోయి చూడుడు. అన్నిటికంటె త్వరపడవలసినది మూడవ పని. పాకము చూచిన వృద్ధులు, కొలిమి యూదిన వృద్ధులు ఇంకను మన నడుమ నున్నారు. వారి యరుగుపై కూర్చుండి, వారి మాటలలోనే వారి పనిని వ్రాసికొనుడు. క్రింద వారి పేరు వేయుడు. నోటికి రానిదని వారన్నను, చేతితో చేసి చూపుమని యడుగుడు. రోమనుడు తనచే నోడినవాని యొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. మన తాతలకు అన్నము పెట్టిన విద్యను మన పొరుగింటి ముసలివాని యొద్ద నేర్చుకొనుటకు మనకు సిగ్గెందుకు?